డేటాబేస్ క్లయింట్ వేయడం ఒక్క కమాండే, ఇబ్బందంతా దాని చుట్టూనే

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కొత్తగా చేరిన తెలుగు పిల్లలకు మొదటి వారాల్లోనే తగిలే పని ఒకటుంది. ల్యాప్‌టాప్ ఇస్తారు, ఆఫీసు నెట్‌వర్క్‌లోకి చేర్చే వీపీఎన్ ఇస్తారు, ఒక డేటాబేస్ అడ్రసు, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చాట్‌లో పంపి "ఒకసారి కనెక్టయ్యి ఆ టేబుల్ చూడండి" అంటారు. అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చినవాళ్లకు డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ రాక కాదు. జాయిన్ల గురించి నిద్రలో లేపి అడిగినా చెప్తారు. కాకపోతే అక్కడ నేర్చుకున్నది మౌస్‌తో నొక్కే స్క్రీన్ మీద. ఇక్కడ ఎదురుగా ఉన్నది లినక్స్ టెర్మినల్, అంటే కమాండ్లు టైపు చేసే తెర. మారతహళ్లి పీజీలో రూమ్మేట్‌ని అడిగితే "అదేముంది, ఆప్ట్ ఇన్‌స్టాల్ కొట్టు" అంటాడు. ఆప్ట్ అంటే ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ రకాల్లో ప్రోగ్రాములు దింపి వేసే కమాండ్. కొడతారు, అది పడుతుంది కూడా. టేబుల్ మాత్రం కనిపించదు.

రూమ్మేట్ చెప్పింది తప్పేమీ కాదు. ఇన్‌స్టాల్ చేయడం నిజంగానే అర నిమిషం పని. కానీ ఏ ప్యాకేజీ వేయాలి, ఏ వెర్షన్ వేయాలి అన్నది చాలామంది తమ మెషిన్‌ని చూసి తేల్చుకుంటారు. అది అవతలి సర్వర్‌ని చూసి తేల్చుకోవాల్సిన విషయం. కొత్తవాళ్లు పడే తిప్పల్లో పెద్ద వాటా ఇక్కడే మొదలవుతుంది.

అడక్కుండానే దిగిన సర్వర్

డేటాబేస్ రెండు ముక్కలు. డేటా దాచుకుని, ప్రశ్నలకు జవాబిచ్చేది సర్వర్. మనం టైపు చేసింది అక్కడికి చేరవేసి, వచ్చిన జవాబును తెరమీద చూపించే చిన్న ప్రోగ్రాం క్లయింట్. డేటాబేస్‌ల్లో పోస్ట్‌గ్రెస్‌కి (పూర్తి పేరు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్) క్లయింట్ పీఎస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్‌కి అదే పేరుతో ఉన్న కమాండ్, ఒరాకిల్‌కి ఎస్‌క్యూఎల్ ప్లస్. ఆఫీసు డేటాబేస్ ఎక్కడో క్లౌడ్‌లో నడుస్తుంటే ల్యాప్‌టాప్‌లో క్లయింట్ ఒక్కటీ చాలు.

ఉబుంటులో, డెబియన్‌లో 'పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్' అన్న పేరుతో ప్యాకేజీ వేస్తే క్లయింట్‌తో పాటు సర్వర్ కూడా దిగుతుంది. దిగి ఊరుకోదు, ఒక ఖాళీ డేటాబేస్ తయారుచేసుకుని 5432 పోర్టు (నెట్‌వర్క్‌లో ప్రోగ్రాం వినే తలుపు నంబరు) మీద వెంటనే నడవడం మొదలుపెడుతుంది. క్లయింట్ మాత్రమే కావాలంటే పేరు చివర 'హైఫన్ క్లయింట్' అని చేర్చాలి. రెడ్‌హ్యాట్ కుటుంబపు లినక్స్‌లలో సరిగ్గా తిరగేసి ఉంటుంది. అక్కడ 'పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్' అంటే క్లయింటే. సర్వర్ కావాలనుకున్నవాళ్లు 'హైఫన్ సర్వర్' అని అడగాలి. ఒకే పేరు రెండు చోట్ల రెండు రకాలు. ఒక మెషిన్‌కి రాసిన సూచనలు ఇంకో మెషిన్‌లో అలాగే కొడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అనవసరంగా సర్వర్ దిగితే నష్టమేంటి, కాస్త మెమరీయే కదా అనిపిస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి వాడినంత మాత్రాన కొంప మునగదు కానీ, ఇక్కడ చిక్కు వేరు. పీఎస్‌క్యూఎల్‌కి హోస్ట్ పేరు (సర్వర్ అడ్రసు) ఇవ్వకుండా ఎంటర్ కొడితే అది నెట్‌వర్క్ మీదకి వెళ్లనే వెళ్లదు. సొంత మెషిన్‌లోనే, వార్ రన్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డైరెక్టరీలో ఉండే సాకెట్ ఫైలు (ఒకే మెషిన్‌లోని ప్రోగ్రాములు మాట్లాడుకునే దారి) కోసం వెతుకుతుంది. సర్వర్ లేని ల్యాప్‌టాప్‌లో అయితే 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అని చెప్పి ఆగిపోతుంది. అదే మంచిది, హోస్ట్ ఇవ్వలేదని తెలుస్తుంది. పొరపాటున సర్వర్ దిగి ఉన్న ల్యాప్‌టాప్‌లో మాత్రం ఆ ఫైలు దొరుకుతుంది. అప్పుడు లినక్స్‌లోని యూజర్‌నేమ్‌తో లోపలికి వెళ్లబోయి 'రోల్ డజ్ నాట్ ఎగ్జిస్ట్' అంటుంది, అంటే ఆ పేరుతో యూజర్ లేరని. కొత్తవాళ్లు దాన్ని చూసి ఆఫీసు డేటాబేస్‌లో తమకు యాక్సెస్ ఇవ్వలేదనుకుంటారు, డేటాబేస్ చూసుకునే డీబీఏకి టికెట్ పెడతారు. ఎలాగోలా లోపలికి వెళ్లిన వాళ్లకు ఒక్క టేబుల్ కూడా కనపడదు. "డేటా అంతా పోయింది" అని టెన్షన్ పడిపోతారు. చూస్తున్నది తమ ల్యాప్‌టాప్‌లోని ఖాళీ డేటాబేస్‌ని.

ఈ తంటా ఇంతటితో పోదు. రెండు నెలల తర్వాత ఎవరో సీనియర్ ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ (అవతలి డేటాబేస్ పోర్టును మన ల్యాప్‌టాప్ పోర్టుకి కలిపే భద్రమైన దారి) వేసుకోమంటారు. 5432 పోర్టును ఇటు కలపబోతే 'అడ్రెస్ ఆల్‌రెడీ ఇన్ యూజ్' అని వస్తుంది. ఆ పోర్టులో కూర్చుని ఉన్నది మొదటి వారంలో దిగిన సర్వరే. అందుకే టన్నెల్ వేసేటప్పుడు ఇటువైపు 5433 లాంటి వేరే నంబరు వాడే అలవాటు చాలా టీముల్లో ఉంది.

మైఎస్‌క్యూఎల్‌లో ఇదే తరహా మెలిక మరోటుంది. హోస్ట్ దగ్గర 'లోకల్‌హోస్ట్' అని రాస్తే అది నెట్‌వర్క్ పోర్టు అని అర్థం చేసుకోదు, సాకెట్ ఫైలు దగ్గరికే వెళ్తుంది. టన్నెల్ సక్రమంగా వేసి, లోకల్‌హోస్ట్ అని కొట్టి, 'సాకెట్ ద్వారా కనెక్ట్ కాలేకపోయాం' అన్న మాట చూసి తలపట్టుకున్నవాళ్లకు లెక్కలేదు. దాని బదులు 127.0.0.1 అని అంకెల్లో రాస్తే నెట్‌వర్క్ దారిలో వెళ్తుంది. తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయం. తెలియనివాళ్లకు ఒక మధ్యాహ్నం పోయినట్టే.

వెర్షన్ ఎవరిది చూడాలి

ఉబుంటు 22.04లో దొరికే పోస్ట్‌గ్రెస్ 14వది. 24.04లో 16. డెబియన్ 12లో 15. డిస్ట్రిబ్యూషన్ విడుదలైన రోజున ఏది ఉందో దాన్నే పట్టుకుని ఏళ్ల తరబడి సెక్యూరిటీ సవరణలు మాత్రమే ఇస్తూ పోవడం వాళ్ల పద్ధతి. సర్వర్లకు ఆ నిలకడ కావాలి, తప్పుపట్టేదేం లేదు. కానీ క్లౌడ్‌లో ఉన్న ఆఫీసు డేటాబేస్ ఈలోపు 16కో 17కో వెళ్లిపోయి ఉంటుంది.

అప్పుడు ల్యాప్‌టాప్‌లో 14వ వెర్షన్ క్లయింట్‌తో మామూలు సెలెక్ట్ క్వెరీలు నడుస్తాయి. దాంతో అంతా బాగుందనుకుంటారు. ఒకరోజు బ్యాకప్ తీయమంటే, ఆ పని చేసే పీజీ డంప్ అనే ప్రోగ్రాం 'సర్వర్ వెర్షన్ మిస్‌మ్యాచ్' అని మొండికేస్తుంది. తనకంటే కొత్త మేజర్ వెర్షన్ సర్వర్ నుంచి డంప్ తీయడానికి అది ఒప్పుకోదు. సర్వర్ లోపలి కేటలాగ్‌లో (టేబుళ్ల వివరాలు దాచుకునే చోట) ఏం మారిందో తనకు తెలియదు కాబట్టి, సగం సగం బ్యాకప్ ఇవ్వడం కంటే అసలు ఇవ్వకపోవడమే మేలని దాని లెక్క. ఆ లెక్క సరైనదే.

లోపలి కేటలాగ్ మారితే ఏమవుతుందో చూడాలంటే 2019లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 12ని చూడాలి. అంతవరకూ కేటలాగ్‌లో ఉన్న 'రెల్ హ్యాజ్ ఓఐడీస్' అనే కాలమ్‌ని ఆ వెర్షన్‌లో తీసేశారు. 11వ వెర్షన్ పీఎస్‌క్యూఎల్‌తో వెళ్లి, ఒక టేబుల్ నిర్మాణం చూడ్డానికి బ్యాక్‌స్లాష్ డీ కొడితే, ఆ కాలమ్ లేదని ఎర్రర్ వచ్చేది. యూజర్ ఆ కాలమ్ పేరు ఎప్పుడూ టైపు చేసి ఉండరు. బ్యాక్‌స్లాష్ కమాండ్లన్నీ క్లయింట్ తన లోపల దాచుకున్న క్వెరీలే. ఆ క్వెరీలు క్లయింట్ పుట్టిన రోజు నాటివి.

పోస్ట్‌గ్రెస్ వరకు సూత్రం తేలికే: క్లయింట్ సర్వర్‌తో సమానంగానో, అంతకంటే కొత్తదిగానో ఉండాలి. 15వ వెర్షన్ నుంచి పీఎస్‌క్యూఎల్ 9.2 దాకా పాత సర్వర్లతో సర్దుకుపోతుంది. కొత్త క్లయింట్ కోసం పోస్ట్‌గ్రెస్ ప్రాజెక్టు నడిపే సొంత ఆప్ట్ రిపాజిటరీ (ప్యాకేజీల నిల్వ) ఉంది. దాన్ని చేర్చే స్క్రిప్ట్ ఉబుంటు, డెబియన్లలోని 'పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కామన్' ప్యాకేజీలోనే వస్తుంది. అది నడిపాక ప్యాకేజీ పేరు చివర వెర్షన్ నంబరు పెట్టి కావలసిన క్లయింట్‌నే తెచ్చుకోవచ్చు.

మైఎస్‌క్యూఎల్ దగ్గర ఈ సూత్రం పనిచేయదు. అక్కడ 'ఉన్నవాటిలో కొత్తది వేసుకో' అన్న సలహా ముంచుతుంది. 8.0 వెర్షన్ 2018లో వచ్చినప్పుడు పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి మార్చారు. పాత నేటివ్ పాస్‌వర్డ్ పద్ధతి పోయి, క్యాచింగ్ షా2 అనేది మామూలు పద్ధతి అయింది. 2024లో వచ్చిన 8.4లో పాత పద్ధతిని సర్వర్‌లో ఆపేసి ఉంచారు, 9.0లో పూర్తిగా తీసేశారు. అంటే, 9వ వెర్షన్ క్లయింట్ వేసుకున్నవాళ్లు ఇంకా 5.7లోనే ఉన్న పాత సర్వర్‌కి వెళ్లబోతే నేటివ్ పాస్‌వర్డ్ ప్లగిన్ దొరకలేదని ఆగిపోవచ్చు. 5.7కి మద్దతు 2023 అక్టోబర్‌లోనే ముగిసింది. అయినా అవుటర్ రింగ్ రోడ్డు మీద ఎన్ని ఆఫీసుల్లో అది ఇంకా అన్నం పెడుతోందో అక్కడ పనిచేసేవాళ్లకు తెలుసు. ఆ సర్వర్‌కి 8.0 క్లయింటే తగినది.

డెబియన్‌లో ఇంకో మలుపు. అక్కడ మామూలుగా మైఎస్‌క్యూఎల్ క్లయింట్ అని అడిగితే వచ్చేది మరియాడీబీ క్లయింట్. ఒకప్పుడు రెండూ ఒకే ఇంటివి కాబట్టి చాలా పనులు జరిగిపోతాయి. ఇప్పుడు దారులు వేరయ్యాయి. మరియాడీబీ 11.4 నుంచి క్లయింట్, సర్వర్ అసలైనదేనని చెప్పే సర్టిఫికెట్‌ని తనంతట తానే సరిచూస్తుంది. సర్వర్ వైపు ఎవరో చేత్తో తయారుచేసుకున్న సర్టిఫికెట్ ఉంటే 'సెల్ఫ్ సైన్డ్' అని చెప్పి తలుపు వేసేస్తుంది. డెబియన్ 13కి అప్‌గ్రేడ్ అయిన ల్యాప్‌టాప్‌లో నిన్నటిదాకా పనిచేసిన కమాండ్ ఇవాళ పనిచేయకపోతే ముందు చూడాల్సింది ఇదే. సరిచూడటాన్ని ఆపేసే ఆప్షన్ ఉంది, అందరూ అదే వాడతారు. సర్వర్ సర్టిఫికెట్ ఇచ్చిన సీఏ (సర్టిఫికెట్లు జారీచేసేవాళ్ల) ఫైలు అడిగి తెచ్చుకుని క్లయింట్‌కి చూపించడం దానికంటే పెద్ద కష్టం కాదు.

ఆఫీసు ల్యాప్‌టాప్ అనే ప్రత్యేక జాతి

ఇంట్లో సొంత మెషిన్ మీద కమాండ్ ఒక్కటీ చాలు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అలా కాదు. చాలా కంపెనీల్లో బయటి ఇంటర్నెట్‌కి వెళ్లాలంటే ప్రాక్సీ అనే మధ్యవర్తి సర్వర్‌ని దాటాలి. ప్రాక్సీ అడ్రసు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టుకుంటారు, కర్ల్ (నెట్ నుంచి ఫైళ్లు దింపే కమాండ్) పనిచేస్తుంది, ఆప్ట్ మాత్రం వేలాడుతుంది. కారణం సుడో, అంటే అడ్మిన్ హక్కుతో కమాండ్లు నడిపేది. అది మామూలుగా యూజర్ ఎన్విరాన్‌మెంట్‌ని తుడిచేసి కొత్తగా మొదలుపెడుతుంది, దాంతో ప్రాక్సీ సంగతి ఆప్ట్‌కి తెలియదు. ఆప్ట్ సొంత కాన్ఫిగరేషన్ ఫైల్లో ప్రాక్సీ రాస్తే తీరిపోతుంది.

విండోస్ ల్యాప్‌టాప్ ఇచ్చి, లోపల డబ్ల్యూఎస్‌ఎల్‌లో లినక్స్ నడుపుకోమనే చోట మరో రకం చికాకు. వీపీఎన్ విండోస్ వైపు ఆన్ చేస్తారు. లోపలి లినక్స్‌కి వేరే నెట్‌వర్క్ ఉంటుంది కాబట్టి ఆఫీసు డీఎన్‌ఎస్ (పేర్లను నెట్‌వర్క్ అడ్రసులుగా మార్చేది) దానికి అందకపోవచ్చు. 'టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్' అన్న సందేశం వస్తుంది. టెంపరరీ అన్నారు కదా అని కాఫీ తాగి వచ్చి చూస్తే అది అలాగే ఉంటుంది. విండోస్ 11 22హెచ్2 నుంచి డబ్ల్యూఎస్‌ఎల్‌లో మిర్రర్డ్ నెట్‌వర్కింగ్ అనే సౌకర్యం ఉంది. చాలా వీపీఎన్‌లతో అది ఈ ఇబ్బందిని తీరుస్తుంది.

సుడో హక్కే లేకపోతే? ఐటీ వాళ్లకు టికెట్ పెట్టి ఎదురుచూడటం ఒక దారి. ప్రోగ్రాముని దానికి కావలసినవన్నీ కలిపిన ఇమేజ్‌గా నడిపే డాకర్ వాడే అనుమతి ఉంటే పోస్ట్‌గ్రెస్ ఇమేజ్‌ని కావలసిన వెర్షన్ నంబరుతో నడిపి, అందులోని పీఎస్‌క్యూఎల్ వాడుకోవచ్చు. చిన్న క్లయింట్ కోసం కొన్ని వందల ఎంబీ దింపడం అతిగానే ఉంటుంది కానీ, నాలుగు సర్వర్లు నాలుగు వెర్షన్లలో ఉన్న టీముకి ఇంతకంటే హాయి లేదు.

పాత సర్వర్ మీదే క్లయింట్ వేయాల్సి వస్తే ముందు అది ఏ కాలానిదో చూసుకోవాలి. రెడ్‌హ్యాట్ కుటుంబానికే చెందిన సెంటోస్ 8కి మద్దతు 2021 డిసెంబర్ 31తో, సెంటోస్ 7కి 2024 జూన్ 30తో ముగిసింది. వాటి ప్యాకేజీలను మామూలు మిర్రర్ల నుంచి తీసి వాల్ట్ అనే పాత సరుకు గిడ్డంగికి మార్చారు. అందుకే అక్కడ ఇన్‌స్టాల్ కొడితే ప్యాకేజీ కాదు కదా, దాని జాబితా కూడా రాదు. ప్యాకేజీ అసలైనదేనని సరిచూసే సంతకపు తాళంచెవులకీ (కీలకీ) గడువు ఉంటుంది. 2023 డిసెంబర్‌లో మైఎస్‌క్యూఎల్ రిపాజిటరీ తాళంచెవి గడువు తీరినప్పుడు, నిన్నటిదాకా నడిచిన ఆటోమేటిక్ బిల్డులు ఒక్కసారిగా ఎర్రర్లు ఇచ్చాయి. కొత్త తాళంచెవి తెచ్చి పెట్టుకోవాలి, అంతే. సంతకం సరిచూడటాన్నే ఆపేయమనే సలహాలు కూడా తిరుగుతుంటాయి. వాటి జోలికి పోకూడదు.

ఎర్రర్ ఎక్కడిదాకా వెళ్లిందో చెప్తుంది

ఎర్రర్ వచ్చిందంటే పని కాలేదని ఒక్కటే అర్థం తీస్తారు చాలామంది. ఎంతవరకు అయిందో కూడా అందులో ఉంటుంది. 'కమాండ్ నాట్ ఫౌండ్' అంటే క్లయింట్ లేదు, లేదా ఉన్నా పాత్‌లో (కమాండ్ల కోసం వెతికే డైరెక్టరీల జాబితాలో) లేదు. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ టూల్స్ /opt అనే పేరున్న డైరెక్టరీ (ఇది ఆప్ట్ కమాండ్ కాదు) కింద ఎక్కడో దిగి పాత్‌లోకి రావు, కాబట్టి అక్కడ ఇది మామూలే. హోస్ట్ పేరు దొరకలేదంటే డీఎన్‌ఎస్ దగ్గరే ఆగింది. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అంటే అవతలి మెషిన్ దాకా వెళ్లింది, ఆ పోర్టులో పలికేవాళ్లు లేరు. చాలాసేపు ఏమీ జరగక 'టైమ్డ్ అవుట్' వచ్చిందంటే మధ్యలో ఫైర్‌వాల్ మాట్లాడకుండా మింగేస్తోంది. క్లౌడ్‌లో అయితే సెక్యూరిటీ గ్రూపు (క్లౌడ్‌లోని ఫైర్‌వాల్ నియమాలు) చూడాలి, లేదా వీపీఎన్ ఆన్ చేయడం మరిచిపోయి ఉండాలి. పాస్‌వర్డ్ తప్పు అని వచ్చిందా? దాదాపు ఇల్లు చేరినట్టే. నెట్‌వర్క్ వాళ్లను ఇక కదపక్కర్లేదు.

పాస్‌వర్డ్ తప్పు కాకపోయినా తప్పు అనిపించే సందర్భాలున్నాయి. మైఎస్‌క్యూఎల్‌లో హైఫన్ పీ తర్వాత ఖాళీ వదిలి పాస్‌వర్డ్ రాస్తే అది దాన్ని డేటాబేస్ పేరు అనుకుంటుంది, పాస్‌వర్డ్ ఏదని మళ్లీ అడుగుతుంది. అడగనివ్వడమే మంచిది. కమాండ్‌లోనే రాస్తే షెల్ హిస్టరీలో నిలిచిపోతుంది. ఇక ఆఫీసుల్లో ఇచ్చే పాస్‌వర్డ్‌లలో 'ఎట్' (@) గుర్తు లేనిది అరుదు. ఆ పాస్‌వర్డ్‌ని యూఆర్‌ఎల్ రూపంలో ఉండే కనెక్షన్ స్ట్రింగ్‌లో అలాగే పెడితే, 'ఎట్' దగ్గరే పాస్‌వర్డ్ అయిపోయిందనుకుని పోస్ట్‌గ్రెస్ క్లయింట్ మిగతా ముక్కని హోస్ట్ పేరులో కలిపేసుకుంటుంది. దాంతో హోస్ట్ దొరకలేదన్న ఎర్రర్ వస్తుంది, జనం డీఎన్‌ఎస్ మీద పడతారు. ఆ గుర్తు బదులు శాతం గుర్తు, పక్కన 40 రాయాలి. రోజూ టైపు చేయలేనివాళ్లకు హోమ్ డైరెక్టరీలో డాట్ పీజీపాస్ అనే ఫైలు ఉంది. దానికి 600 పర్మిషన్ (సొంతదారు మాత్రమే చదివి రాయగలిగేలా) ఇవ్వకపోతే క్లయింట్ హెచ్చరించి దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తుంది.

ప్రొడక్షన్ డేటాబేస్‌కి వెళ్లేవాళ్లు మైఎస్‌క్యూఎల్‌లో సేఫ్ అప్‌డేట్స్ ఆప్షన్ పెట్టుకుంటే, కీ కాలమ్‌తో వేర్ క్లాజ్ గానీ, లిమిట్ గానీ లేని అప్‌డేట్, డిలీట్‌లను అది ఆపేస్తుంది. దానికి 'ఐ యామ్ ఎ డమ్మీ' అని రెండో పేరు కూడా పెట్టారు దాన్ని తయారుచేసినవాళ్లు. ఆ పేరు చూసి నామోషీ పడేవాళ్లు మొదటి పేరే వాడుకోవచ్చు.

తెర మీద తెలుగు

బెంగళూరులో కస్టమర్ల పేర్లు కన్నడలో, తెలుగులో, తమిళంలో వచ్చే డేటాబేస్‌లు చాలానే ఉంటాయి. క్లయింట్ బాగానే కనెక్ట్ అవుతుంది, పేర్లు మాత్రం ప్రశ్నార్థకాలుగానో, యూరోపియన్ అక్షరాల గజిబిజిగానో కనిపిస్తాయి. డేటా పాడైందా, చూపించడంలో తేడానా అన్నది ముందు తేల్చుకోవాలి. అది తేల్చకుండా సరిచేయబోతే ఉన్నదీ పోతుంది.

అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్ 8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కి (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకిచ్చిన సంఖ్యకి) మూడు బైట్లు. 'తెలుగు' అన్న మాటలో గుణింతపు గుర్తులతో కలిపి ఆరు కోడ్‌పాయింట్లు, అంటే పద్దెనిమిది బైట్లు. మైఎస్‌క్యూఎల్‌లో అక్షరాలు లెక్కించే క్యార్ లెంగ్త్ ఆరు, బైట్లు లెక్కించే లెంగ్త్ 18 అని వస్తే డేటా భద్రంగా ఉంది. తేడా క్లయింట్‌దో టెర్మినల్‌దో. లినక్స్ లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగ్) యూటీఎఫ్ 8లో ఉందో లేదో చూసి, క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని చెప్పి మళ్లీ కనెక్ట్ అయితే చాలు. డాకర్ ఇమేజ్‌లలో, కనీస సర్వర్లలో లొకేల్ ఉత్త 'సీ' అని ఉండటం మామూలు, అక్కడే ఎక్కువగా ఇది తగులుతుంది. అక్షరాలు సరిగ్గానే వచ్చి వత్తులు మాత్రం విడిపోయి కనిపిస్తే అది టెర్మినల్ ప్రోగ్రాం చేతకానితనం. చాలా టెర్మినళ్లకు మన లిపిని కలిపి రాయడం రాదు. డేటాబేస్‌కి దాంతో సంబంధం లేదు.

క్యార్ లెంగ్తే 18 వచ్చిందంటే ఎవరో ఎప్పుడో లాటిన్1 (యూరోపియన్ అక్షరాల పాత పద్ధతి) కనెక్షన్‌తో యూటీఎఫ్ 8 అక్షరాలను ఎక్కించారు, ఒక్కో బైటూ ఒక్కో అక్షరమైపోయింది. దాన్ని వెనక్కి మార్చి రక్షించుకోవచ్చు, ముందుగా ఒక కాపీ తీసుకుని. రెండు లెక్కలూ ఆరే వచ్చాయంటే అక్కడున్నవి నిజంగా ఆరు ప్రశ్నార్థకాలు. అసలు పేరు ఆ టేబుల్లో లేదు, పాత బ్యాకప్‌లోనో, అప్లికేషన్ లాగ్‌లోనో వెతుక్కోవాలి.